చేదు సురంజాన్

అరవై మూడో సంవత్సరం జులైలో, ముసురు పట్టిన ఒక మంగళవారం, పోస్టుమాన్ గోనెపట్టా కింద దాచుకుని తెచ్చిన కవరును బస్వమ్మ చేతిలో పెట్టాడు. కలకత్తా నుంచి వచ్చిందని, ఒక్క చుక్క తడవలేదు చూసుకొమ్మని చెప్పి పోయాడు. బస్వమ్మకు చదువు రాదు. అయినా కవరు మీద టైపు కొట్టిన అక్షరాల బారు చూడగానే ఇది చుట్టాల ఉత్తరం కాదని తెలిసిపోయింది. మేనకోడలు గిరిజను పిలవలేదు. మోకాళ్ళు నొస్తున్నా తానే వానలో పెరట్లోకి నడిచింది.

గిరిజ పెరట్లో పాకకింద ఇసుక కుండల ముందు కూర్చుని ఉంది. ఆ కుండల్లో కోహీర్ నుంచి తెప్పించిన అల్లం కొమ్ములు మొలకెత్తుతున్నాయి. చేతులకున్న తడి ఇసుకను కొంగుకు తుడుచుకుంది, చాలలేదని మళ్ళీ తుడుచుకుంది. ఉత్తరం విప్పి మొదటి వాక్యం చదివి ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

పదిహేడు మంది దరఖాస్తు పెట్టుకున్నారట. అందులో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఆమె ఒకతె.

డాక్టరేటు పూర్తయినవాళ్ళకు ఇచ్చే పరిశోధన చోటు అది. రెండేళ్ళు. కణాల లోపలి సంగతులు చూసే పెద్ద పరిశోధనాలయంలో ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, తనకు నచ్చిన ప్రశ్న. ఆ ముగ్గురిలో ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి వాళ్ళొక పద్ధతి పెట్టారు. ఎవరి ప్రాంతంలో పెరిగే పంటను వాళ్ళే తీసుకుని, దాని వేరు కొసల్లోని క్రోమోజోములు విడివిడిగా లెక్కకు వచ్చేలా ఆరు గాజు స్లైడులు తమ చేత్తో తయారు చేసి పంపాలి. ఎలా చేశారో ఒక కాగితం మీద రాయాలి. ఆగస్టు పదో తారీఖుకల్లా అక్కడికి చేరాలి. దాటితే పేరు తీసేస్తారు.

గిరిజ ఇదంతా చెబుతుంటే బస్వమ్మ పాక గుంజ పట్టుకుని విన్నది.

"డాక్టరీ చదువు ఒడిసిందంటివి గదనే. మల్ల దాని మీద ఇంకోటి ఉంటదా?" అంది.

చదువు కాదని, ఇన్నాళ్ళూ సారు చెప్పిన పని సారు చెప్పినట్టు చేశానని, అక్కడికి పోతే ప్రశ్న తనది, పని తనది, తప్పయితే ఆ తప్పూ తనదేనని గిరిజ చెప్పింది.

"గట్ల చెప్పు. అత్త పొయ్యి మీద వండిన కోడలు వేరు కుంపటి పెట్టుకున్నట్టు."

గిరిజకు నవ్వొచ్చింది. ఈ మాట కంటే బాగా ఎవరూ చెప్పలేరనిపించింది.

ఆమెకు ముప్పై ఒకటో ఏడు. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్తే పెంచింది. హైదరాబాదులో ఆరేళ్ళు పనిచేసి పోయిన మార్చిలో డాక్టరేటు పట్టా తెచ్చుకుంది. పట్టా వచ్చిన వారానికే ప్రయోగశాల తాళంచెవి తిరిగి ఇమ్మన్నారు. ఇచ్చింది. ఆరేళ్ళు కూర్చున్న బల్ల మీద ఇంకొకరి పుస్తకాలు పెట్టి ఉన్నాయి. గురువుగారు అప్పటికే రిటైరయి మద్రాసు వెళ్ళిపోయారు. వరండాలో నిలబడి కిటికీలోంచి తన మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డను చూసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుని బస్సెక్కింది. మనుషుల నుంచి విడిపోవడం ఆమెకు తెలుసు. పని నుంచి విడిపోవడం కూడా అలాగే ఉంటుందని ఆ రోజు తెలిసింది. కలకత్తా చోటు రాకపోతే రాయికోడ్ బడిలో టీచరు పని సిద్ధంగా ఉంది. మంచి పనే. కానీ అక్కడ మైక్రోస్కోపు లేదు, ఇక ఎన్నటికీ ఉండదు.

ఆ మాటకొస్తే వాళ్ళుండే జహీరాబాదులోనే ఉంది ఒకటి. మలేరియా ఆఫీసులో.

ఊరూరా చలిజ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి రక్తపు బొట్టు గాజు మీద తెస్తారు. వాటిని మైక్రోస్కోపు కింద చూసే కుర్రవాడు ప్రకాశం. పాతికేళ్ళవాడు, చర్చిలో పాటలు పాడతాడు, మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూడా కూనిరాగం తీస్తుంటాడు. గిరిజ అడగ్గానే తన పైఆఫీసరుతో మాట్లాడి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఆమెకు ఇప్పించాడు. మొదటి రోజు ఆమె అల్లం వేర్లు తెచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేదు.

"ఏందక్కా, నీ అల్లంకు చలి పుడుతున్నదా? మాత్రలియ్యాల్నా?"

"ఇస్తే నాకియ్యి తమ్మీ, నాకే పుడుతున్నది," అంది గిరిజ.

నిజంగానే ఆమె భయపడుతోంది. వేరు కొసలో కణాలు రెండుగా చీలుతూ ఉంటాయి. చీలబోయే ముందు మాత్రమే క్రోమోజోములు కనిపిస్తాయి. పొద్దున తొమ్మిదికీ పదకొండుకూ మధ్య కోస్తేనే అల్లంలో అలాంటి కణాలు ఎక్కువ దొరుకుతాయి. అంతవరకు ఆమె చేతిలో ఉన్న పనే. కానీ అల్లం క్రోమోజోములు మరీ చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడి పీచులా చిక్కుకుని ఉంటాయి. వాటిని విడదీసే మందు ఒకటుంది, కోల్చిసిన్. ఆ నీళ్ళలో వేరును నానబెడితే, చీలబోతున్న కణం సగంలో ఆగిపోతుంది. క్రోమోజోములు కురచై, దూరదూరంగా పరుచుకుంటాయి. ఆ తెల్లపొడి విదేశాల నుంచి రావాలి. హైదరాబాదు దుకాణానికి రాస్తే రెండు నెలలు పడుతుందని జవాబు వచ్చింది.

కలకత్తా ఉత్తరం అందిన రోజు నుంచి ఆమెకున్నది మొత్తం పద్దెనిమిది రోజులు. ఆగస్టు మూడున పార్సిల్ వేయకపోతే కలకత్తా చేరదు.

మందు లేకుండానే నాలుగు రోజులు ప్రయత్నించింది. వేరు కొసను ఎర్రరంగులో ఉడికించి, గాజు మీద పెట్టి, పైన పల్చని గాజు వేసి, బొటనవేలితో నొక్కి చూసేది. ప్రతిసారీ ఎర్రటి చిక్కుదారపు ఉండ.

శనివారం పొద్దున బస్వమ్మ మోకాళ్ళకు మందు నూరుకుంటుంటే, పక్కన కూర్చున్న గిరిజకు తాను చదివిన పాత పుస్తకంలో ఒక పేజీ కళ్ళముందు మెరిసింది. కోల్చిసిన్‌ను మొదట తీసింది ఒక దుంప నుంచి. కీళ్ళనొప్పులకు హకీములు వాడే దుంప. అత్త ఎనిమిదేళ్ళుగా తింటున్న మందు పేరేమిటని అడిగింది.

"సురంజాన్. ముఖ్తార్ హకీం ఇస్తడు," అంది బస్వమ్మ.

గిరిజ చెప్పులు తొడుక్కోవడం కూడా మరచి బజారుకు పోయింది.

ముఖ్తార్ హకీం దుకాణం మసీదు వీధి మలుపులో ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా అక్కడే. గోడ నిండా చెక్క సొరుగులు, ఒక్కొక్కదాని మీద ఉర్దూలో పేరు. ఆయన నిదానంగా విన్నాడు. సురంజాన్ రెండు రకాలని చెప్పాడు. తీపిది లోపలికి తినడానికి. చేదుది పైన పూతకు మాత్రమే, అది విషం. గిరిజ తనకు చేదుదే కావాలంది. ఎందుకని ఆయన అడిగితే అల్లం వేర్లకని చెప్పింది. ఉత్సాహంలో ఇంకా ఎన్నెన్నో చెప్పింది, అడిగింది. ఎంత వేస్తే పెరిగేది ఆగిపోతుంది, ఎన్ని గంటలకు ఆగిపోతుంది, ప్రాణం పోకుండా ఆగాలంటే ఎంత తక్కువ వేయాలి అని. హకీం ఆమె ముఖం వైపు, మట్టిపట్టిన వట్టి కాళ్ళ వైపు కొంతసేపు చూశాడు. వెనక్కి తిరిగి ఒక సొరుగు లాగి, పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆమె దాన్ని దంచి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గుడ్డలో వడగట్టింది. సోమవారం పొద్దున వేర్లు అందులో మూడు గంటలుంచింది. మంగళవారం మధ్యాహ్నం మైక్రోస్కోపులో చూసింది. అదే చిక్కుదారం. మందు చాలలేదేమోనని రెట్టింపు వేసి గురువారం మళ్ళీ మొదలుపెట్టింది. శుక్రవారం చూస్తే అదే. ప్రకాశం కూనిరాగం ఆపేసి, పల్లెల నుంచి వచ్చిన రక్తపు స్లైడులు అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నాడు. పుస్తకంలో రాసింది అబద్ధమా, తన చెయ్యి పనికిరాదా? చెయ్యే అయి ఉంటుందనుకుంది గిరిజ. మిగతా ఇద్దరూ ఈపాటికి స్లైడులు పంపేసి ఉంటారు.

ఆదివారం ఆమె లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. రాయికోడ్ బడికి జవాబు రాయాలని కాగితం మాత్రం దిండు పక్కన పెట్టుకుంది.

బస్వమ్మ గది ఊడుస్తూ కిటికీలో ఉన్న పొట్లం తీసింది. అందులో దంచగా మిగిలిన దుంప ముక్కలు నాలుగున్నాయి. ఒకటి వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది నేను తినేదే గదే," అంది.

గిరిజ పడుకునే, అది విషమని, ముట్టుకోవద్దని చెప్పింది.

"విషమేంది? తెల్లగ, పిండి పిండిగ. చేదుది గోధుమరంగుంటదంట, హకీం ఇంటామె గౌహర్ బేగం చెప్పింది," అంటూనే బస్వమ్మ ఆ ముక్కను నోట్లో వేసుకుంది.

గిరిజ మంచం మీంచి ఒక్క దూకు దూకింది. అత్త దవడలు పట్టుకుని ఉమ్మెయ్యమని గట్టిగా కుదిపింది. బస్వమ్మ నింపాదిగా నమిలి మింగి, కోడలి చేతులు తీసి పక్కన పెట్టింది.

"ఎనిమిదేండ్లు తిన్న నాలికనే ఇది. తియ్యటిది ఇచ్చిండు నీకు. నడువు."

అత్త ముందు, కోడలు వెనుక, ఒకే గొడుగు కింద సగం సగం తడుస్తూ హకీం దుకాణానికి వచ్చారు. అంత వేగంగా బస్వమ్మ నడవగా గిరిజ ఎన్నడూ చూడలేదు. హకీం వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు ముందు గిరిజ మీదే నిలిచాయి, క్షేమంగా ఉందా లేదా అన్నట్టు.

"హకీం సాబ్, నా బిడ్డ చేదుది అడిగితే తియ్యటిది కట్టిచ్చినవట. ఎందుకు?" అంది బస్వమ్మ.

హకీం బుకాయించలేదు. కూర్చోమన్నాడు. వాళ్ళు కూర్చోలేదు.

"ఇచ్చిన బస్వమ్మక్కా, తెలిసే ఇచ్చిన. వట్టి కాళ్ళతోని వచ్చింది, కండ్లల్ల నిద్ర లేదు. ఎంత ఏస్తే ఆగిపోతది, ఎన్ని గంటలల్ల ఆగిపోతది అని అడుగుతున్నది. అల్లంకట. అల్లంకు మందు పెట్టేటోళ్ళను ముప్పై ఏండ్లల్ల చూడలే నేను." ఆయన గొంతు తగ్గించాడు. "నా దుకాణంకెల్లి పోయిన చేదు మందుతోని ఒక ఇంట్లకెల్లి జనాజా లేసింది. మెట్రిక్ తప్పిన పిల్ల, మింగి పానం తీసుకున్నది. పన్నెండేండ్లాయె. అప్పటిసంది ఆడపిల్ల చేతికి ఆ సొరుగు తెరవలే."

దుకాణం వెనుక పరదా కదిలింది. గౌహర్ బేగం లోపలి నుంచే, ఆ పిల్ల పేరు ఈయన ఇప్పటికీ నమాజులో తలుచుకుంటాడని చెప్పింది.

బస్వమ్మ కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. గొడుగు మూసి బల్ల మీద కూర్చుంది. గిరిజ వారం రోజుల దుఃఖంలోంచి ఒక్కసారిగా బయటికి వచ్చినట్టయింది. పుస్తకం అబద్ధం కాదు. తన చెయ్యీ చెడ్డది కాదు. అసలు మందే పడలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఉత్తరంలో ఉన్నది, మూడో తారీఖు సంగతి, మూడు కుండల్లో ఇంకా మిగిలిన వేర్ల సంగతి గబగబా చెప్పేసింది. ఈసారి హకీం అడ్డుపడకుండా విన్నాడు, నమ్మాడు. అయినా సొరుగు మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"ఇస్త. కానీ నీ చేతికి ఇయ్య. నేనే నూరుత, నేనే కలుపుత, మిగిలింది నేనే పారబోస్త. పని అయ్యేదాకా పక్కనే కూసుంట. మంజూరా?"

"మంజూర్," అన్నారు ఇద్దరూ.

మర్నాడు సోమవారం పొద్దున ఎనిమిదింటికి, శుక్రవారం జుమ్మా నమాజుకు వేసుకునే షేర్వానీ వేసుకుని, ఒక చేత గొడుగు, ఒక చేత మూతికి గుడ్డ కట్టిన పింగాణీ గిన్నె పట్టుకుని ముఖ్తార్ హకీం బస్వమ్మ ఇంటి ముందు దిగాడు. రాత్రే దంచి నానబెట్టాడట. వసారాలో కుర్చీ వేశారు. పక్కింటివాళ్ళు ఎవరికి బాగాలేదని అడగడానికి వచ్చారు. అల్లానికి, అని బస్వమ్మ వాళ్ళను పంపించింది.

తొమ్మిదిన్నరకు గిరిజ ఇసుకలోంచి వేర్లు తీసి, కడిగి, కొసలు కోసి గాజుగిన్నెలో వేసింది. హకీం చేదు నీళ్ళు కొలిచి పోశాడు. కాపలా మొదలైంది. మూడు గంటలు ఆయన ఆ గిన్నె మీంచి చూపు తిప్పలేదు. మధ్యలో ఒకసారి లోపల ఏం జరుగుతున్నదని అడిగాడు. చీలబోయిన కణం చీలలేక నిలబడిపోతుందని గిరిజ చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఇస్తున్న మందు లోపలికి పోయి ఏం చేస్తుందో తానెప్పుడూ చూడలేదని, చూడొచ్చని కూడా తెలియదని ఆయన అన్నాడు. రేపు చూపిస్తానంది గిరిజ. అన్నాక భయమేసింది. రేపు కూడా చిక్కుదారమే కనిపిస్తే?

పన్నెండున్నరకు వేర్లు తీసి స్పిరిటు కలిపిన ఘాటు ద్రావకంలో వేసింది. మిగిలిన చేదు నీళ్ళను హకీం పెరటి చివర గుంట తవ్వించి పోయించి, మట్టి కప్పించి, దాని మీద ఒక రాయి పెట్టించి వెళ్ళాడు.

మంగళవారం ఒంటిగంటకు మలేరియా ఆఫీసులో ఆ చిన్న గది నిండిపోయింది. బస్వమ్మ, హకీం, ప్రకాశం, మధ్యలో గిరిజ. వేరు కొసను రంగులో వేడి చేసింది. సూదితో గాజు మీద చిదిమింది. పైగాజు వేసి, అద్దుడు కాగితం మడత పెట్టి, ఊపిరి బిగబట్టి బొటనవేలితో నొక్కింది. ఎక్కువ నొక్కితే చెదిరిపోతాయి, తక్కువ నొక్కితే పరుచుకోవు.

కన్ను పెట్టింది. మర తిప్పింది. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత లేత ఎరుపు మసక. తర్వాత స్లైడును వెంట్రుకవాసి పక్కకు జరిపింది.

పళ్ళెంలో నువ్వులు జల్లినట్టు ఉన్నాయి. కురచగా, ముదురు ఎరుపులో, దేనికది విడిగా. ఒక దాని మీద ఒకటి పడలేదు. ఆమె లెక్కపెట్టింది. పెదవులు మాత్రమే కదిలాయి. మళ్ళీ లెక్కపెట్టింది. పక్క కణానికి పోయి అక్కడ లెక్కపెట్టింది.

"ఇరవై రెండు," అంది. అల్లానికి ఉండాల్సిన లెక్క అదే. "అత్తా, ఇరవై రెండు."

ప్రకాశం ఆమెను దాదాపు నెట్టేసి చూశాడు. చూసి, పొద్దస్తమానం జ్వరం పురుగులను చూసే తనకు ఇన్నాళ్ళకు మంచిదొకటి కనిపించిందన్నాడు. హకీం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కన్ను ఆనించాడు. ఆయన ఎంతసేపటికీ లేవలేదు. ఉర్దూలో మెల్లగా లెక్కపెడుతున్నాడు. బాయీస్ అని ఆగి, కన్ను తీయకుండానే అడిగాడు.

"ఇవి ఆగిపోయినయా, బేటీ? నా మందుతోనే?"

"మీ మందుతోనే, హకీం సాబ్."

తర్వాత బస్వమ్మ వంతు. ఆమె ముందు తప్పు కన్ను మూసింది, తర్వాత రెండూ మూసింది. చివరికి కనిపించాక పంతొమ్మిదే ఉన్నాయని పట్టుబట్టింది. ఓపిగ్గా మళ్ళీ లెక్కపెట్టించారు. ఇరవై ఒకటి దాకా ఒప్పుకుంది.

మిగిలిన మూడు రోజులూ ఎలా గడిచాయో గిరిజకు తెలియలేదు. హకీం బుధవారం, గురువారం కూడా గిన్నెతో వచ్చాడు. తొమ్మిది స్లైడులు చేస్తే వాటిలో ఆరు మేలైనవి. వాటి అంచులు మూసి, దూదిలో చుట్టి, చెక్కపెట్టెలో సర్దింది. ఎలా చేశారో రాయాల్సిన కాగితం దగ్గర మాత్రం కలం ఆగింది. వట్టి కోల్చిసిన్ అని రాసెయ్యమన్నాడు ప్రకాశం, కలకత్తావాళ్ళు వచ్చి చూస్తారా అన్నాడు. బజారు దుంప అంటే నవ్వి పక్కన పడేస్తారేమోనని ఆమెకూ భయంగానే ఉంది. కలకత్తాలో తప్పయితే అది తనదేనని అత్తకు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఉన్నదున్నట్టు రాసింది. మొదట తీపిది వాడి రెండుసార్లు ఎలా విఫలమైందో, చేదుదాన్ని ఎంత దంచి ఎన్ని నీళ్ళలో నానబెట్టారో, తయారుచేసిచ్చినది జహీరాబాదు హకీం ముఖ్తార్ సాబ్ అనీ రాసింది. శనివారం పోస్టాఫీసు తలుపు తెరవకముందే మెట్ల మీద నిలబడింది.

ఆగస్టు ఇరవై ఆరున టెలిగ్రాం వచ్చింది. గిరిజ అన్నం తింటోంది. ఎడమచేత్తో విప్పింది. ఎంపికయ్యారు, పదిహేను సెప్టెంబరున చేరండి, తీపి దుంపతో చేసిన విఫల స్లైడులు ఉంటే తప్పక తీసుకురండి. అంతే ఉంది. బస్వమ్మ ఆ కాగితాన్ని తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, అందులో ఏముందో గిరిజ ముఖం చూసే తెలుసుకుని, వీధిలోకి నడిచింది. ముందు హకీంకు చెప్పాలట.

గిరిజ చెయ్యి కడుక్కుని మలేరియా ఆఫీసుకు పరుగెత్తింది. మిగిలిన మూడు స్లైడులు, విఫలమైనవి కూడా, ప్రకాశం దగ్గరే ఉన్నాయి. అవి తెచ్చుకోవాలి, తెచ్చుకునే ముందు ఒక్కసారి ఆ ఇరవై రెండింటినీ చూసుకోవాలి. లోపల మైక్రోస్కోపు ముందు ఒక ముసలామె వంగి ఉంది. ఆమె వెనుక న్యాల్‌కల్ వైపు నుంచి జ్వరం పరీక్షకు వచ్చిన ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. ప్రకాశం వాళ్ళకు అల్లం లోపల ఏముంటుందో చూపిస్తున్నాడు. వారం రోజుల నుంచీ ఇదే నడుస్తోందట.

గిరిజ టెలిగ్రాం సంగతి అరిచి చెప్పింది. ప్రకాశం ఎగిరి గంతేశాడు, ఆ ఊపులో బల్ల కదిలి ముసలామె లెక్క తప్పింది.

"ఓ బిడ్డా, పదిహేడు దాకా వచ్చిన, మల్ల మొదటికెల్లి లెక్కవెట్టాలె," అంది ఆమె కన్ను తీయకుండానే. "ఎవరన్న గానీ వెనుక నిలవడుండ్రి."

గిరిజ వెళ్ళి వరుస చివర నిలబడింది. ఆమె ముందు ఐదుగురున్నారు.